వీధి వైపు కిటికీ

వినుకొండ
28-9-59

అన్నయ్యకు మాబూబీ సలాములు. నేను బాగానే ఉన్నాను. వదిన కాలికి కట్టు విప్పారో లేదో నువ్వు రాయలేదు. ఆమె జారిపడ్డ ఆ నాపరాయిని ముందు అక్కణ్ణుంచి తీయించు.

పోయిన వారమంతా ఇక్కడ విడవని వాన. ముందు గదిలో వీధి వైపు కిటికీ ఉంది కదా, దాని మీద చూరు పెంకు జారిపోయి నీళ్ళన్నీ తిన్నగా కిటికీ అడుగు చెక్క మీదే పడ్డాయి. పైకి బాగానే కనబడింది. నిన్న తుడుస్తుంటే నా వేలు లోపలికి దిగింది. నానిన అటుకుల్లా ఉంది. ఊచలు కూడా కదులుతున్నాయి. పెంకు మా మరిది రంజాన్ సర్దాడు. చెక్క మాట ఎత్తితే, ఇప్పుడు దానికేం తొందర వదినా అన్నాడు.

ఆయన పోయి ఇంకా నెల తిరగలేదు, నాలుగు నెలల పది రోజుల గడువులో ఉన్నదాన్ని. వడ్రంగి ఇంటికి వెళ్ళలేను, అతను వచ్చినా ఎదురుపడి ఇట్లా చెయ్యి అని చెప్పలేను. నువ్వే ఎవరినైనా పురమాయించు. కార్తీకం రాకముందే అయితే మేలు. కార్డులో ఇక చోటు లేదు.

నీ చెల్లెలు
మాబూబీ


ప్రత్తిపాడు
5-10-59

చిరంజీవి మాబూబీకి మొహిద్దీన్ బాషా దీవెనలు.

అలవాటు కొద్దీ సౌభాగ్యవతి అని మొదలుపెట్టాను. ఆ కార్డు చింపేసి ఇది రాస్తున్నాను.

మీ వదిన కట్టు విప్పారు. కాలు ఇంకా నేల మీద ఆనడం లేదు. వంటా నీళ్ళూ నేనే చూసుకుంటున్నాను. అందుకే రాలేకపోతున్నాను.

చెక్క సంగతి. ఏ కర్రో రాయలేదు. వేప అయితే ఇన్నాళ్ళు నిలవడం గొప్పే. పుచ్చు అడుగు చెక్క వరకేనా, నిలువు కర్రల్లోకి కూడా ఎక్కిందా, మేకుతో గుచ్చి చూడు. పొడుగూ వెడల్పూ దారంతో కొలిచి, ముడి వేసి, కవరులో పెట్టి పంపు. అంతవరకు కిటికీ రెక్కలు మూసి, బయట గోనెపట్టా కట్టించు.

గడువు జనవరి నడిమికి తీరుతుంది. తీరగానే వచ్చి తీసుకొస్తాను. వెనక గది నీ కోసం ఖాళీ చేశాను. మంచానికి టేకు కొన్నాను, ఎండబెడుతున్నాను. ఇక్కడికి వచ్చేదానివి, ఆ కిటికీ గురించి ఎక్కువ మనసు పెట్టుకోకు. నేను పంపిన తిండిగింజలు అందాయా? ఇక్కడా వానలే. పత్తి మొక్క ఎర్రబడుతోంది.

ఇట్లు
మొహిద్దీన్ బాషా


వినుకొండ
13-10-59

అన్నయ్యకు మాబూబీ సలాములు. గింజలు అందాయి. నాకు ఏ లోటూ లేదు. ఇంకేం పంపకు.

దారం ఇందులో పెట్టాను. ఎర్ర ముడి పొడుగుకి, తెల్ల ముడి వెడల్పుకి. కర్ర వేపే. నిలువు కర్రలు గట్టిగానే ఉన్నాయి, మేకు దిగలేదు. రెక్కలు ఉబ్బిపోయి మూత పడటం లేదు. గోనెపట్టా కట్టించాను గానీ పొద్దున్నే తీసేస్తున్నాను. అది ఉంటే గదిలో చీకటి.

పక్కింటి కోటిరత్నం నీకు గుర్తుందా, ఆయన పోయిన రోజు ఏడుస్తున్న వాళ్ళందరికీ మజ్జిగ కలిపి పోసిన పెద్దావిడ. రోజూ మధ్యాహ్నం కిటికీ దగ్గరికి వచ్చి, మోచేతులు ఆనించుకుని, ఒక తమలపాకు నమిలిందాకా మాట్లాడి పోతుంది. మొన్న చెక్క మీద చెయ్యి వేయబోయి, "ఇదీ నాలాగే అయిందే మాబూబీ, పైన నునుపు, లోపల పుచ్చు" అంది. ఇంకో మాట కూడా అంది, నవ్వకు. "మీ ఆయన పోయాక నీకు గడువు పెట్టారు. మా ఆయన బతికుండగానే నన్ను నలభై ఏళ్ళు గడప దాటనీయలేదు" అంది. నేను గడువులో ఉన్నాననే మాట మరిచి నవ్వాను. లోపల్నుంచి తోడికోడలు జుబేదా తొంగి చూసింది.

నీ దగ్గరికి వచ్చేస్తానని ఆమెకి ఎవరు చెప్పారో. నిన్న అడిగింది, నువ్వు పోతే నేనెవరితో మాట్లాడాలే అని. నేనేమీ అనలేకపోయాను. ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

వేప చెక్కయినా సరే, తొందరగా చేయించు అన్నయ్యా. కార్తీకం దగ్గరికొచ్చింది.

నీ చెల్లెలు
మాబూబీ


ప్రత్తిపాడు
22-10-59

చిరంజీవి మాబూబీకి దీవెనలు.

నీ కవరు అందింది. దారం కొలిచాను. నిన్న రంజాన్ గుంటూరు పని మీద వచ్చి ఇటు వచ్చాడు. రాత్రి ఉన్నాడు. నువ్వు పొద్దస్తమానం వీధి కిటికీ దగ్గరే ఉంటున్నావని, వచ్చేపోయేవాళ్ళు ఆగుతున్నారని చెప్పాడు. తప్పుపడుతూ చెప్పలేదు. నలుగురి నోరు మంచిది కాదని చెప్పాడు. మీ వదిన కూడా ఆలోచించింది.

మనిషిని పంపుతున్నాను. పేరు ఆదాం. మా పత్తి మిల్లులో పనులు చేసినవాడు, నమ్మకమైనవాడు. వచ్చే వారంలో వినుకొండ వైపు వస్తున్నాడు. ఇక ఎన్నాళ్ళు వాన కురిసినా చుక్క నీరు లోపలికి రాకుండా ఏం చేయాలో అతనికి చెప్పాను. రంజాన్ దగ్గరుండి చూసుకుంటాడు. నువ్వు లోపలి గదిలో ఉండు, ఏమీ చెప్పనక్కర్లేదు.

కార్డు కనక ఎక్కువ రాయను. మా గుమాస్తా బుల్లయ్య టపా పెట్టెలో వేసే ప్రతి కార్డూ చదువుతాడు.

ఇట్లు
మొహిద్దీన్ బాషా


వినుకొండ
31-10-59

అన్నయ్యకు మాబూబీ సలాములు.

ఆదాం వచ్చాడు. పని అయింది.

నువ్వు చెప్పినట్టే నేను లోపలి గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. ముందు పాత చెక్క ఊడదీసిన చప్పుడు వినబడింది. ఇక చిత్రిక పడతాడని చూశాను. చిత్రిక చప్పుడు రాలేదు. మట్టిలో నీళ్ళు పోసి తొక్కుతున్నట్టు వినబడింది. గోడ కింద ఏదైనా మెత్తుతున్నాడేమో అనుకున్నాను. తర్వాత తాపీతో గీకడం, ఇటుక మీద ఇటుక పెట్టి తట్టడం. తలుపు కింద సందులోంచి పడే వెలుతురు సన్నబడుతూ వచ్చింది. పరాయి మనిషి ఉండగా బయటికి రాకూడదు, గొంతు వినబడకూడదు. జుబేదా నీళ్ళకి లోపలికొస్తే ఏం చేస్తున్నాడో అడగమన్నాను. ఆమె వెళ్ళి వచ్చి, "మూసేస్తున్నాడక్కా. మీ అన్నయ్యగారే చెప్పారట" అంది.

నువ్వు చెప్పావన్నాక నేనేమంటాను. మళ్ళీ కూర్చున్నాను.

గోడ బాగా కట్టాడు. సున్నం కూడా పూశాడు. ఇక వాన రాదు. ఈ రోజు దీపావళి అనుకుంటాను, బయట పిల్లల కేకలు వినబడుతున్నాయి.

నీ చెల్లెలు
మాబూబీ


ప్రత్తిపాడు
9-11-59

చిరంజీవి మాబూబీకి దీవెనలు.

పని బాగా కుదిరిందని రాశావు. మనసు కుదుటపడింది. కొత్త సున్నం ఆరేదాకా ఆ గోడకి ఏదీ ఆనించి పెట్టకు. ఊచలూ రెక్కలూ పాకలో పెట్టించమని రంజాన్ కి చెప్పాను, పెట్టాడా?

చీకటిగా ఉంటే పగలు కూడా దీపం పెట్టుకో. కిరసనాయిలు నేను పంపిస్తాను.

మీ వదిన గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. మంచం పట్టెలు ఆరాయి. వడ్రంగికి ఇవ్వబోతున్నాను. నీకు ఎత్తు తక్కువ మంచం ఇష్టం కదా, అట్లాగే చేయమంటాను.

మీ ఆయన లాల్ అహ్మద్ పోయిన రోజు నీతో నాలుగు మాటలు మాట్లాడి రావలసింది. ఏం మాట్లాడాలో తెలియక నేను బండి దగ్గరికి వెళ్ళి ఎద్దులకి మేత వేస్తూ నిలబడ్డాను. నాన్న కూడా ఇంతే. అందుకని నువ్వేమీ అనుకోలేదనే అనుకుంటున్నాను.

ఇట్లు
మొహిద్దీన్ బాషా


వినుకొండ
20-11-59

అన్నయ్యకు మాబూబీ సలాములు. ఇది కవరులో పంపుతున్నాను. నువ్వొక్కడివే చదువుకో.

నీకు కోపం వస్తుందని ఇన్నాళ్ళూ ఒక సంగతి దాచాను. మన ఇంటి ఆడవాళ్ళు వీధిలో ఏదీ అమ్మకూడదని నాన్న అనేవాడు. నువ్వూ ఆ మాట మీదే ఉంటావు. నేను వత్తులు చేసి అమ్ముకుంటున్నాను అన్నయ్యా. ఆయన పోయేనాటికి ఇంట్లో ఏకిన దూది ఇంకా ఉంది. ఊరికే కూర్చుంటే చేతులు ఆగవు. మొదట కోటిరత్నం, నా పూజకి నాలుగు వత్తులు చేసిపెట్టమంది. చేసి ఇచ్చాను. ఆమె వెళ్ళి వీధంతా చెప్పింది. "మాబూబీ వత్తి పిల్లికూన తోకలా మెత్తగా ఉంటుంది, చిటపటమనదు" అని. అట్లా మొదలైంది. దూది అయిపోతే ఆయన దూదేకే విల్లు దింపి నేనే ఏకాను. వారం తిరిగేసరికి నా గింజలు నేను తెప్పించుకున్నాను. నువ్వు పంపినవి జుబేదా వాళ్ళ పిల్లలకి పెట్టాను.

ఇంటి తలుపు రంజాన్ వాళ్ళ వాకిట్లోంచి కదా. వాళ్ళ వాకిలి దాటి నా దగ్గరికి ఎవరూ రారు. పైగా స్నానం చేసి తడిబట్టతో వచ్చే వాళ్ళు మన ఇంట్లో అడుగు పెట్టరు, మన చేతి నుంచి అందుకోరు. నేను వత్తులు కిటికీ చెక్క మీద పెడతాను. వాళ్ళు చెక్క మీది నుంచి తీసుకుంటారు. వాళ్ళ మడి వాళ్ళకి ఉంటుంది, నా గడువు నాకు ఉంటుంది. ఇద్దరి మధ్యా ఆ చెక్క ఉంటే చాలు. ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. చెక్క పుచ్చిందని నేను అంత తొందరపడింది అందుకు. ఏడాదంతా అమ్మేవి ఒక ఎత్తు, కార్తీకంలో అమ్మేవి ఒక ఎత్తు. గంపెడు చేసి పెట్టుకున్నాను.

ఇప్పుడు తెల్లవారక ముందే గోడ అవతల వాళ్ళ అడుగులు వినబడుతున్నాయి. మొదట్లో ఎవరో ఒకరు ఆగి, "ఇక్కడే కదే కిటికీ" అనుకోవడం వినబడేది. ఇప్పుడు ఆగడం లేదు. బజారులో కొనుక్కుంటున్నారు.

కోటిరత్నం రావడం లేదు. జుబేదాని వాళ్ళింటికి పంపితే, కృష్ణ స్నానాలకని అమరావతిలో కూతురి దగ్గరికి వెళ్ళిందన్నారు. నాతో చెప్పకుండా ఎప్పుడూ ఊరు దాటలేదు. ఎట్లా చెబుతుంది, చెప్పడానికి చోటేది.

వెనక గది నా కోసం ఉంచవద్దు. నీ మీద కోపంతో అనడం లేదు. వదిన నన్ను బాగా చూసుకుంటుందని తెలుసు. కానీ అక్కడ నేను మీ ఇంట్లో ఉంటాను. ఇక్కడ నా ఇంట్లో ఉన్నాను. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు. ఈ గోడ ఇట్లాగే ఉంటే మాత్రం నేను వేరే దారి లేక నీ దగ్గరికే రావాలి.

నీ చెల్లెలు
మాబూబీ


ప్రత్తిపాడు
24-11-59

మాబూబీకి.

నీ కవరు ఈ మధ్యాహ్నం అందింది. మీ వదిన దగ్గర ఉండటానికి వాళ్ళ అక్క సాయంత్రం వస్తుంది. రేపు గుంటూరులో రైలెక్కుతాను.

మొహిద్దీన్ బాషా


ప్రత్తిపాడు
3-12-59

చిరంజీవి మాబూబీకి దీవెనలు.

నిన్న సాయంత్రం ఇల్లు చేరాను. మీ వదిన బాగానే ఉంది. నువ్వు కట్టిచ్చిన అన్నం నరసరావుపేట దాటాక తిన్నాను.

నేనున్న వారం రోజులూ మనం చెక్క గురించే మాట్లాడుకున్నాం. మిగిలినది రాద్దామని కూర్చున్నాను. రావడం లేదు. చెక్క గురించే రాస్తాను.

యలమందయ్య మంచి వడ్రంగి. మొదటి ఇటుక ఊడదీసేటప్పుడు, "ఇంత గట్టిగా కట్టినవాణ్ణి మెచ్చుకోవాలా తిట్టాలా సాయిబు గారూ" అన్నాడు. కట్టించినవాణ్ణి తిట్టమన్నాను. అతను నవ్వాడు గానీ నేను నవ్వలేదు. నువ్వు లోపలి గదిలో ఉన్నావు, వినబడే ఉంటుంది.

నేను రైల్లో తెచ్చిన టేకు పట్టె మంచానిది. వేపకి మళ్ళీ నాలుగేళ్ళకి ఇదే బాధ. గోడలోకి పోయే కొసలకి తారు పూయించాను, చెమ్మ ముందు అక్కణ్ణుంచే ఎక్కుతుంది. పైన వీధి వైపుకి కొద్దిగా వాలు ఇచ్చాం. వత్తుల పళ్ళెం జారదు, పెట్టి చూశాను. అంచు అడుగున సన్నటి గాడి తీయించాను. నీటిబొట్టు గోడకి పాకకుండా అక్కడే రాలిపోతుంది. ఆముదం ఆరాక ఇంకొక్కసారి పట్టించు. రెక్కలు చిత్రిక పట్టించాక తేలిగ్గా మూతపడుతున్నాయి.

రంజాన్ తో మాట్లాడాను. అరవలేదు. కిటికీ దగ్గర ఎవరు ఆగినా అది నేను ఒప్పుకున్న సంగతే అని చెప్పాను. అతను చెడ్డవాడు కాదు.

కార్తీకం వెళ్ళిపోయాక పని అయింది. ఇంకో ఏడాది ఆగాలి నువ్వు. ఆ సంగతి రైల్లో అంతసేపూ తలుచుకున్నాను.

వెనక గది అట్లాగే ఉంది. నువ్వు వస్తానంటే గడువు తీరిన మర్నాడే వస్తాను. రానంటే రానని ఒక కార్డు ముక్క రాయి. నేనిక ఏమీ అనుకోను. కోటిరత్నమ్మ గారు తిరిగి వచ్చారా? వస్తే నా నమస్కారాలు చెప్పు. నేను వెళ్ళి చెప్పవలసినది, వాళ్ళ ఇంటికి తాళం వేసి ఉంది.

ఇట్లు
మొహిద్దీన్ బాషా


వినుకొండ
10-12-59

అన్నయ్యకు మాబూబీ సలాములు. ఇదీ కవరులోనే పంపుతున్నాను.

చెక్క చాలా బాగుంది. ఆముదం రెండోసారి పట్టించాను. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి పొద్దున్నే రెక్కలు తీసి కూర్చుంటున్నాను. వీధిలో వాళ్ళు చూసి తల ఊపి పోతున్నారు. నెల దాటాక ఎవరికీ వత్తుల తొందర ఉండదు.

మొన్న మంగళవారం మొదటిసారి ఒక మనిషి వచ్చి ఆగింది. కోటిరత్నం కోడలు వెంకటరావమ్మ. తల దువ్వుకోలేదు, బొట్టు లేదు. చెక్కకి ఎడంగా నిలబడి, వత్తులున్నాయా అంది. ఉన్నాయి, ఎన్ని కావాలి, పూజకా అని అడిగాను. "పది రోజులకి సరిపడా ఇవ్వండి. మా అత్త దగ్గర దీపం కొండెక్కకూడదు" అంది.

నాకు ఒక్కసారిగా తెలియలేదన్నయ్యా. ఆమె దగ్గర దీపం ఎందుకు, ఆమె అమరావతిలో కదా ఉంది అనుకున్నాను. తర్వాత తెలిసింది.

స్నానాల్లో చలిజ్వరం తగిలిందట. వీళ్ళకి కబురు వస్తే ఇంటికి తాళం వేసి అందరూ వెళ్ళారు. నువ్వు ఇక్కడ ఇటుకలు తీయిస్తున్న రోజుల్లో ఆమె అక్కడ మంచంలో ఉంది. ఆదివారం పోయింది. కర్మ ఇక్కడ చేస్తున్నారు.

వెంకటరావమ్మ వత్తులు తీసుకుని కూడా వెళ్ళలేదు. కొత్త చెక్కని చూస్తూ నిలబడింది. అప్పుడు అంది, "మా అత్త అక్కడ ఒకే మాట పదే పదే అడిగింది. మాబూబీకి నా మీద ఎందుకు కోపం వచ్చింది అని. నువ్వు పోతే నేనెవరితో మాట్లాడాలి అని అడిగాను, జవాబు చెప్పలేదు, కొన్నాళ్ళు ఆగి వెళ్ళేసరికి గోడ కడుతున్నారు. ఎవరు కట్టమన్నారయ్యా అంటే ఇంటివాళ్ళే అన్నాడు. అంత పనికిమాలిన మాట నేనేం అన్నాను అని."

మా అన్నయ్య తెలియక కట్టించాడమ్మా అందామని నోటి దాకా వచ్చింది. అట్లా అంటే వీధంతా నీ పేరు చెప్పుకుంటారు. చచ్చిపోయిన మనిషి పేరు పక్కన నీ పేరు పెట్టుకుంటారు. వాన లోపలికి కొడుతోందని నేనే మూయించానమ్మా, ఆమె మీద నాకు కోపమేమిటి అన్నాను. వెంకటరావమ్మ నా మొహం వంక చూసింది. నమ్మినట్టు లేదు. "వానకి ఎవరైనా గోడ కడతారా" అని, చెక్క మీద డబ్బులు పెట్టబోయింది. వద్దన్నాను. అయినా పెట్టే వెళ్ళింది. వాళ్ళ అత్త ఎప్పుడూ అట్లా పెట్టి వెళ్ళేది కాదు. ఏమిస్తానో చెప్పు, ఎందుకివ్వాలో చెప్పు అని పోట్లాడి ఇచ్చేది.

మనిషి పోయిన ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చోవాలి. ఆ ఇల్లు ఇక్కణ్ణుంచి కనబడుతుంది. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూస్తున్నాను. నాకు గడువు జనవరిలో గానీ తీరదు. అప్పటికి వాళ్ళు ఏడవడం కూడా అయిపోతుంది. అప్పుడు వెళ్ళి ఏమని చెబుతాను?

ఇదంతా నిన్ను నొప్పించడానికి రాయలేదు. దాచిపెట్టి ఒకసారి చూశాను కదా, ఇక ఏదీ దాచదలుచుకోలేదు. నువ్వు ఆ రైల్లో పట్టె మోసుకొచ్చి, మనసు విప్పి మాట్లాడలేక, చెక్క అంచు మీద అరచెయ్యి వేసి పదే పదే నిమరడం నేను తలుపు సందులోంచి చూశాను. నీ మీద నాకు ఏమీ లేదు.

వెనక గదిలో మిరప విత్తనాలు పోసుకో, ఎలుకలకి అందకుండా ఉంటాయి. నేను రాను. ఇక్కడే ఉంటాను. కార్తీకం మళ్ళీ వస్తుంది, వత్తులు చేస్తాను. ఆ వీధిలో ఒకరిద్దరైనా నా మాట నమ్మేదాకా ఈ కిటికీ దగ్గరే ఉండాలి.

గడువు తీరాక నువ్వు రా. తీసుకెళ్ళడానికి కాదు, ఊరికే రా. వదిన నడవగలిగితే ఆమెనీ తీసుకురా.

నీ చెల్లెలు
మాబూబీ